చెప్పు జారితే తెలుస్తోందా?

నడుము నొప్పితో వచ్చిన మనిషిని అనుభవం ఉన్న డాక్టరు అడిగే ప్రశ్న ఒకటుంది. "నడుస్తుంటే చెప్పు జారిపోతోందా?" నడుముకూ చెప్పుకూ ఏం సంబంధమని వచ్చినాయన తెల్లబోతాడు. అవునంటే వెంటనే రెండో ప్రశ్న పడుతుంది. "జారినప్పుడు మీకు తెలుస్తోందా?"

"తెలుస్తది సారు, పట్టుకుందామంటే వేళ్లు పట్టుకుంటలేవు" అంటే ఒక దారి. "ఏం తెల్వది సారు, ఎన్కకు మర్రి చూస్తే చెప్పు ఆడనే పడి ఉంటది" అంటే ఇంకో దారి. మొదటి మనిషిలో మెదడు నుంచి కాలి కండరానికి హుకుం మోసుకెళ్లే తీగ దెబ్బతింది. రెండో మనిషిలో కాలి నుంచి మెదడుకు కబురు తెచ్చే తీగ దెబ్బతింది. స్కాన్ లేదు, రక్తపరీక్ష లేదు, పైసా ఖర్చు లేదు. రెండు మాటల్లో వ్యాధి ఏ వైపు ఉందో సగం తేలింది. బూట్లకు లేసులు బిగించుకునే చోట ఈ ప్రశ్నకు పని ఉండదు. హవాయి చెప్పులతో తిరిగే మన ఊళ్లలో ఇది మంచి పరీక్ష. దీనికి జోడీ ప్రశ్న ఇంకోటి ఉంది: "పొద్దున కళ్లు మూసుకుని ముఖం కడుక్కుంటుంటే ముందుకు తూలుతున్నారా?" కాళ్లు ఎక్కడున్నాయో వెన్నుపాము సరిగా చెప్పలేనప్పుడు మనిషి ఆ పని కళ్లతో నెట్టుకొస్తాడు. కళ్లు మూసుకోగానే ఆ ఆధారం పోతుంది. 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు రాంబర్గ్ రోగిని నిలబెట్టి చేసిన పరీక్షను మనవాళ్లు రోజూ నల్లా దగ్గర తెలియకుండానే చేసుకుంటున్నారు.

వరంగల్‌లో నడుముతో బతికేవాళ్లు ఎక్కువ. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరున్న ఎనుమాముల యార్డులో మిర్చి దిగే రోజుల్లో హమాలీల వీపుల మీది నుంచే సరుకంతా కదులుతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీల వెనుక, కొత్తవాడలో మగ్గం ముందు వంగి కూర్చున్న వెన్నులున్నాయి. పత్తి ఏరే ఆడవాళ్లకు నడుము ఎత్తే తీరికే ఉండదు. వీళ్లలో చాలామంది చివరికి ఎంజీఎం ఆస్పత్రి గడప తొక్కుతారు. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ విద్యార్థులు తరతరాలుగా రోగి మోకాలి మీద సుత్తితో కొట్టడం నేర్చుకున్నది అక్కడే. ఈమధ్య వీళ్ల ఫోన్లలోకి కొత్త సంగతి ఒకటి వచ్చింది. బల్ల మీద బోర్లా పడుకున్న మనిషి, పైన రెండు చేతులు, ఒక్క ఊపు, 'పట్' మని చప్పుడు. కింద 'కైరోప్రాక్టిక్' అని పేరు. చూసినవాళ్లకు తమ నడుము కూడా అలా ఒకసారి పటపటలాడితే బాగుండుననిపిస్తుంది.

ఆ వీడియోల్లో కనిపించనిది ఆ 'పట్' కు ముందు జరగాల్సిన అరగంట. అసలు విద్యంతా ఆ అరగంటలో ఉంది. చేసేది కైరోప్రాక్టరైనా, ఫిజియోథెరపిస్టైనా, ఎముకల డాక్టరైనా, న్యూరాలజిస్టైనా ఆ అరగంట దాదాపు ఒకటే.

కైరోప్రాక్టిక్ పుట్టుక అమెరికాలోని ఐయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ పట్టణం, 1895. డి.డి. పామర్ అనే ఆయన వినికిడి పోయిన ఓ పారిశుద్ధ్య పనివాడి వెన్నుపూసను నొక్కి సరిచేస్తే వినికిడి తిరిగొచ్చిందని ప్రకటించాడు. వెన్నుపూసలు కొద్దిగా పక్కకు జరగడమే రోగాలకు మూలమని సిద్ధాంతం కట్టాడు. ఆ సిద్ధాంతాన్ని విజ్ఞానశాస్త్రం బలపరచలేదు. చెవి నరం వెన్నులోంచి పోనే పోదు. అయితే చేతులతో వెన్నుకు చేసే చికిత్సను మాత్రం శాస్త్రం కొట్టిపారేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, అవగాహనలతో పాటు దీనికీ షరతులతో చోటిచ్చింది. అదే పత్రం నడుముకు బెల్టు, ట్రాక్షన్ వద్దంది. మన దగ్గర బెల్టు లేకుండా ఇల్లు చేరే నడుము నొప్పి రోగి అరుదు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఇంకో సంగతి: వైద్యులకు ఉన్నట్టు కైరోప్రాక్టిక్‌కు మన దేశంలో ప్రత్యేకమైన చట్టబద్ధ మండలి లేదు. బోర్డు పెట్టినాయన ఏం చదివాడో కనుక్కోవాల్సింది మనమే. అందుకని ఆ అరగంటలో ఏం జరగాలో రోగికి తెలిసి ఉండడం మరీ అవసరం.

తెలుగులో ఒక చిక్కుంది. మనం మూడింటిని 'నరం' అంటాం. సూది 'నరానికి' వేశారన్నప్పుడు అది రక్తనాళం. మడమ వెనుక 'నరం' లాగుతోందన్నప్పుడు అది కండరాన్ని ఎముకకు కట్టిన స్నాయువు. 'నరాల బలహీనత' అన్నప్పుడు మాత్రమే నిజమైన నాడి గుర్తొస్తుంది, అదీ చాలాసార్లు తప్పుగానే. పిక్క బిగుసుకుంటే 'నరం మీద నరం ఎక్కింది' అంటాం. ఎక్కింది ఏదీ లేదు, కండరం ముడుచుకుంది అంతే. అయితే నొప్పికి మన దగ్గరున్న మాటలు మాత్రం వైద్యుడికి నిధి. 'సలుపు' వేరు, 'పోటు' వేరు. 'తిమ్మిరి' అంటే కబురు తప్పుగా వస్తోంది. 'మొద్దుబారింది' అంటే కబురే రావడం లేదు. 'కరెంటు కొట్టినట్టు పిర్ర కాడి నుంచి చిటికెనవేలు దాకా గుంజుతది' అని ఒకరు అన్నారంటే, ఆ ఒక్క వాక్యంతో నరం పేరు చెప్పేసినట్టే.

ఎందుకో చూద్దాం. వెన్నెముకలో 33 పూసలు. మెడలో 7, వీపులో 12, నడుములో 5, కింద కలిసిపోయిన 5, తోక దగ్గర 4. వాటి సొరంగంలో వెన్నుపాము. దాన్నుంచి 31 జతల నరాలు బయటికొస్తాయి. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి రెండు పూసల దగ్గరే అయిపోతుంది. అక్కణ్నుంచి కిందికి వేలాడేవి నరాల వేళ్లు మాత్రమే, గుర్రం తోక మాదిరి. అందుకే మనవాళ్లు 'ఎల్ నాలుగు, ఎల్ అయిదు మధ్య గ్యాప్ వచ్చింది' అని చెప్పుకునే చోట డిస్కు ఉబ్బితే నలిగేది ఆ వేళ్లలో ఒకటి, వెన్నుపాము కాదు. మెడలో డిస్కు వెనక్కి ఉబ్బితే వెన్నుపామే నలగొచ్చు. నొప్పి చిన్నదైనా ప్రమాదం పెద్దది. ఒక్కో నరం వేరుకు శరీరం మీద తన సొంత చెలక ఉంది. కాలి బొటనవేలు, పాదం పైభాగం నడుము అయిదో నరానిది. చిటికెనవేలు, మడమ బయటి అంచు దాని కిందిదానిది. ఆ హద్దులు తెలిసినవాడు కాలి మీద గుండుసూది నడిపిస్తూ నడుములో ఏ పూస దగ్గర తగాదా ఉందో చెప్పగలడు.

ఇప్పుడు ఒక హమాలీని ఊహించుకుందాం. నలభై అయిదేళ్లు. మూడు వారాలుగా ఎడమ కాలు గుంజుతోంది. బస్తా ఎత్తబోతే నడుములో కలుక్కుమంది, అప్పటి నుంచి మొదలు. పరీక్ష అతను నడిచి వచ్చేటప్పుడే మొదలవుతుంది. మడమల మీద నడవమంటారు, మునివేళ్ల మీద నడవమంటారు. మడమల మీద నడిచేటప్పుడు ఎడమ పాదం ముందుభాగం నేలకు తాకుతోంది, పైకి లేవడం లేదు. చొక్కా విప్పించి వెనక నుంచి చూస్తారు. భుజాలు సమంగా లేవు, నొప్పిని తప్పించుకోవడానికి మొండెం ఒక పక్కకు వాలింది. ముందుకు వంగమంటే చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి. కూర్చోబెట్టి, "కాలి బొటనవేలు పైకెత్తి పట్టుకో, నేను కిందికి నొక్కుతా, నొక్కనీయకు" అంటారు. కుడి వేలిని వంచడం డాక్టరు తరం కాలేదు. ఎడమ వేలు ఒక్క వేలితో నొక్కితేనే వంగిపోయింది. బస్తాలు మోసే మనిషి బొటనవేలు అంత తేలిగ్గా ఓడిపోవడం చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఈ బలానికి సున్నా నుంచి 5 దాకా మార్కులేస్తారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నరాలు తెగిన సైనికుల కోసం బ్రిటన్ వైద్య పరిశోధన మండలి వాడుకలోకి తెచ్చిన మార్కులవి.

తర్వాత సుత్తి. మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో తట్టగానే కాలు ఎగరడం సినిమాల్లో నవ్వుకోవడానికి చూపిస్తారు. లోపల జరిగేది మాత్రం అద్భుతం. దెబ్బకు స్నాయువు సాగుతుంది. తొడ కండరంలో దాగిన సన్నటి కదురులాంటి గ్రాహకాలు ఆ సాగుడును పసిగడతాయి. ఆ కబురు వెన్నుపాములోకి పోయి, అక్కడ ఒకే ఒక్క సంధి దాటి, అదే కండరానికి 'ముడుచుకో' అన్న హుకుంగా తిరిగొస్తుంది. మెదడును అడగరు. కంటిరెప్ప వాలేలోపు పని అయిపోతుంది. 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు ఒకే సమయంలో దీని గురించి రాశారు. కాలు ఎగరకపోతే ఆ చిన్న వలయంలో ఎక్కడో తెగింది, అంటే నరమో దాని వేరో దెబ్బతిని ఉండొచ్చు. కాలు మరీ ఎక్కువగా ఎగిరితే? అదే అసలు ప్రశ్న. మెదడు మామూలుగా పైనుంచి ఈ వలయాలకు కళ్లెం వేసి ఉంచుతుంది. మెడలోనో వీపులోనో వెన్నుపాము నలిగితే కళ్లెం తెగుతుంది, కింది వలయం విచ్చలవిడిగా ఎగురుతుంది. ఒకే సుత్తి దెబ్బ, రెండు విరుద్ధమైన జవాబులు, రెండు వేరు వేరు ప్రమాదాలు. రోగి బిగుసుకుపోతే రెండు చేతుల వేళ్లు కొక్కేల్లా కలిపి గట్టిగా లాగమంటారు. దృష్టి అటు పోగానే దాక్కున్న స్పందన బయటపడుతుంది. హంగరీ వైద్యుడు యెండ్రాసిక్ కనిపెట్టిన చిట్కా ఇది.

అరికాలి పరీక్ష ఇంకా గొప్పది. అరికాలు బయటి అంచున మడమ నుంచి వేళ్ల దాకా మొద్దు మొనతో గీస్తే బొటనవేలు కిందికి వంగాలి. పైకి లేస్తే మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే దారిలో ఎక్కడో దెబ్బ. 1896లో జోసెఫ్ బాబిన్‌స్కీ పారిస్‌లో చిన్న ప్రసంగంలో చెప్పిన సంగతి ఇది. నడక రాని పసిపాపల్లో ఆ దారి ఇంకా పూర్తిగా తయారు కాదు కాబట్టి వేలు పైకే లేస్తుంది, కంగారు పడనక్కర్లేదు. ఉత్తకాళ్లతో పొలాల్లో తిరిగిన మనిషి అరికాలు చెప్పు తోలంత మందంగా ఉంటుంది, గీత తెలియదు. అప్పుడు పాదం బయటి పక్కన, చీలమండ కింద గీస్తారు. 1911లో చాడక్ అనే వైద్యుడు చూపిన దారి ఇది. పగిలిన మడమల దేశంలో ప్రతి వైద్యవిద్యార్థికీ ఇది వచ్చి తీరాలి.

మన హమాలీకి మోకాలి స్పందన బాగానే ఉంది, మడమ స్పందనా బాగానే ఉంది. బొటనవేలి బలం పోయింది, పాదం పైన సూది మొద్దుగా తెలుస్తోంది. నడుము అయిదో నరానికి నమ్మదగిన సుత్తి స్పందన లేదు, అందుకే అక్కడ బొటనవేలే సాక్షి. ఇప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా ఎడమ కాలిని మెల్లగా పైకెత్తుతారు. ముప్ఫై నుంచి డెబ్భై డిగ్రీల మధ్య తొడ వెనుక నుంచి పిక్క దాటి కింద దాకా గుంజితే సయాటికా నరం వేరు నలుగుతోందన్నమాట. తొడ వెనుక కండరం పట్టేస్తే అది లెక్కలోకి రాదు, గుంజుడు మోకాలి కిందికి పోవాలి. ఫ్రెంచి వైద్యుడు లాసెగ్ పేరుతో చెలామణీ అవుతున్న ఈ పరీక్షను 1880లోనే సెర్బియా వైద్యుడు లాజారెవిచ్ వర్ణించాడు. ఆపరేషన్ దాకా వచ్చిన రోగుల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2000లో లెక్క తీస్తే, డిస్కు జారిన నూరు మందిలో 91 మందికి ఈ పరీక్ష నొప్పి తెప్పించింది. డిస్కు జారని నూరు మందిలో మాత్రం 26 మందినే సరిగ్గా వదిలిపెట్టింది, మిగతా వాళ్లకూ నొప్పే. అంటే ఇది అనుమానించడానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి కాదు. అదే బాగున్న కాలిని ఎత్తినప్పుడు నొప్పి ఉన్న కాలు గుంజితే కథ తిరగబడుతుంది. ఆ గుర్తు దొరికేది నూటికి 29 మందిలోనే, కానీ డిస్కు జారనివాళ్లలో నూటికి 88 మందిని అది సరిగ్గా వదిలేస్తుంది. ఒకటి విశాలమైన వల, ఇంకోటి గురి చూసిన బాణం. రెండూ కలిపి వాడినవాడే పరీక్ష చేసినట్టు.

ఇవన్నీ కైరోప్రాక్టర్లూ చేస్తారు, చేయాలి. వాళ్ల ప్రత్యేకత ఆ తర్వాత వేళ్లతో ఒక్కో పూసను తడిమి, ఎక్కడ కదలిక తక్కువగా ఉందో, ఎక్కడ కండరం బిగుసుకుందో చూడడం. ఇక్కడ నిజాయతీగా ఒక మాట చెప్పాలి. ఇద్దరు నిపుణులు ఒకే వీపును విడివిడిగా తడిమితే 'ఈ పూస కదలడం లేదు' అన్న విషయంలో వాళ్ల అభిప్రాయాలు పెద్దగా కలవవని అధ్యయనాలు చెబుతున్నాయి. 'ఇక్కడ నొక్కితే నొప్పి' అన్న విషయంలో అంతకన్నా బాగా కలుస్తాయి. నొప్పి రోగి చెప్పేది, కదలికలో పరీక్షించేవారి ఊహ కలుస్తుంది. అందుకని తడిమి చెప్పే మాటకన్నా సుత్తి, సూది, బొటనవేలు చెప్పే మాటకే ఎక్కువ బరువివ్వాలి. 'పట్' అన్న చప్పుడు పూస తిరిగి తన చోట కూర్చున్న శబ్దం కూడా కాదు. కీలు ఒక్కసారిగా విడివడినప్పుడు లోపలి ద్రవంలో వాయుకుహరం ఏర్పడడానికీ ఆ చప్పుడుకూ సంబంధముందని 2015లో వేళ్ల కీళ్ల మీద తీసిన ఎంఆర్‌ఐ చిత్రాలు చూపించాయి.

మన నేలలో ఈ పరీక్షకు ఇంకో బరువుంది. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్లలో, పొదిలి, దర్శి వైపు, వెన్ను కొయ్యబారిపోయిన జనాన్ని చూసి రాశారు. బావినీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని అది. ఉమ్మడి వరంగల్‌కు పొరుగునే ఉన్న నల్లగొండలో అదే గోస తరాలపాటు సాగింది. ఈ రోగుల వెన్నుల మీద న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి దశాబ్దాలు పనిచేశారు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ తాగిన ఒంట్లో పూసలను కట్టిపడేసే పట్టీలు ఎముకగా మారతాయి, సొరంగం లోపలివైపు పూడుకుపోతుంది, వెన్నుపాము నెమ్మదిగా నలుగుతుంది. ఆ మనిషి గడ్డం ఛాతీకి ఆనించలేడు, చేతులు తల వెనక్కి పెట్టలేడు, నేల మీద నాణెం తీయాలంటే మోకాళ్లు వంచాల్సిందే. ఆశా కార్యకర్త కూడా నేర్చుకోగల మూడు పరీక్షలు ఇవి. అతను చెప్పేది మాత్రం 'నడుము పట్టేసింది, మెడ పట్టేసింది' అనే. మోకాలి మీద సుత్తితో తడితే కాలు గుర్రంలా తన్నుతుంది, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది. ఆ పరీక్ష చేయకుండా, పట్టేసింది కదా అని అలాంటి మెడను ఊపుతో తిప్పితే ఏమవుతుందో తలచుకుంటేనే భయమేస్తుంది.

మెడ సంగతి వచ్చింది కాబట్టి: మెదడు వెనుకభాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ పూసల రంధ్రాల్లోంచే పైకి పోతాయి. 2022లో హైదరాబాద్‌లో ఒకామె పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకుంటుండగా పక్షవాతం లక్షణాలు రావడం వార్తల్లోకెక్కింది. 1993లోనే అమెరికా వైద్యపత్రికల్లో ఇలాంటి కేసులు నమోదయ్యాయి. మెడను ఊపుతో తిప్పే చికిత్స తర్వాత అరుదుగా ఈ ధమని చిరిగి పక్షవాతం రావడం మీద, చికిత్సే చించిందా, ధమని ముందే చిరగడం వల్లే నొప్పితో వచ్చారా అన్న చర్చ నడుస్తూనే ఉంది. ఏదైనా, ఇంతకు ముందెన్నడూ లేని మెడనొప్పి, తలతిరుగుడు, మాట తడబాటు, ఒకటి రెండుగా కనిపించడం ఉన్నవాళ్ల మెడ జోలికి పోకూడదు. కటింగ్ అయ్యాక అలవాటుగా మెడను అటూ ఇటూ విరిపించుకోవడం మానేయండి.

స్కాన్ చేయిస్తే అన్నీ తేలతాయి కదా అంటారు. 1994లో నడుము నొప్పే లేని 98 మందికి నడుము ఎంఆర్‌ఐ తీస్తే, అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. సగానికి పైగా మందికి ఒక్క చోటైనా డిస్కు ఉబ్బింది, అయినా హాయిగా తిరుగుతున్నారు. రిపోర్టులో ఉబ్బు కనిపించినంత మాత్రాన నొప్పి దానిదే అనుకోవడానికి లేదు. బొటనవేలు బలహీనంగా ఉండి, పాదం పైన మొద్దుబారి, స్కాన్‌లో సరిగ్గా అయిదో నరం దగ్గరే డిస్కు తగిలితే అప్పుడు మూడూ ఒకే మాట చెబుతున్నట్టు. ఆ మూడింటిలో రెండు చేతికి దొరికేవే.

కొన్నిటికి ఆలస్యం పనికిరాదు. మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పోవడం, సైకిల్ సీటు ఆనే భాగం మొద్దుబారడం, రెండు కాళ్లూ పడిపోతుండడం కనిపిస్తే అదే రోజు పెద్దాస్పత్రికి పరుగెత్తాలి, ఏ బల్ల మీదా పడుకోకూడదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే వెన్నునొప్పి, తట్టితే ఒకే పూస దగ్గర కలుక్కుమనడం ఉంటే ముందు క్షయను అనుమానించాలి. వెన్నుక్షయను 1779లో పెర్సివల్ పాట్ వర్ణించాడు. మందులు దొరుకుతున్న ఈ కాలంలోనూ గూను తేలేదాకా, కాళ్లు పడిపోయేదాకా బామ్‌లు రాసుకుంటూ కూర్చునేవాళ్లున్నారు.

మన హమాలీకి ఆ గుర్తులేవీ లేవు. చాలామందిలో ఇలాంటి గుంజుడు ఆపరేషన్ లేకుండానే వారాల్లో తగ్గుతుందని డాక్టరు చెబుతారు. పక్కమీద పడుకుని ఉండిపోవద్దు, నడవాలి, బస్తాలు మాత్రం కొన్నాళ్లు వద్దంటారు. బొటనవేలు బలహీనపడింది కాబట్టి వారంలో మళ్లీ రావాలంటారు. బలం ఇంకా తగ్గితే దారి మారుతుంది.

అతను లేచి తలుపు దగ్గరికి వెళ్లబోతుంటే డాక్టరు ఆపి, బయట విడిచిన చెప్పులు లోపలికి తెమ్మంటారు. అతను మొహమాటపడుతూ తెస్తాడు. మన అలవాటు కొద్దీ చెప్పులు గడప బయటే ఉండిపోతాయి, లోపల చూడాల్సినవాళ్లకు కనిపించవు. రెండింటినీ తిరగేసి పక్కపక్కన పెడతారు. కుడి చెప్పు అడుగు మడమ దగ్గర అరిగింది. ఎడమ చెప్పు అడుగు ముందుభాగంలో, బొటనవేలి కింద, వెలుతురు కనిపించేంత పలచబడింది.

"ఇది కొని ఎన్నాళ్లయింది?"

"సంక్రాంతికి తీసుకున్న సారు."

కాలు గుంజడం మొదలై మూడు వారాలని చెప్పాడు. అంత అరగడానికి మూడు వారాలు చాలవు. డాక్టరు మళ్లీ కుర్చీ చూపించి, మొదటి నుంచి అడగడం మొదలుపెడతారు.